పెట్టె అడుగున కాగితం: ఆట తప్పుగా ఆడుతున్నామేమో తేల్చుకోవడం ఎలా

స్థలాలు కొని, అద్దెలు వసూలు చేసే మోనోపలీ ఆట పెట్టె మా ఇంట్లోకి 1998లో వచ్చింది. మా బావగారు ఆఫీసు పనిమీద లండన్ వెళ్లి వస్తూ తెచ్చారు. ఆ తర్వాత ఇరవై నాలుగు సంక్రాంతులు తెనాలిలో మా అత్తగారింటి హాల్లో చాప పరుచుకుని ఆడాం. ప్రతి ఆటలోనూ బ్యాంకు నా చేతిలోనే. బయట నాది బ్యాంకు ఉద్యోగమే. క్యాషియర్‌గా చేరి తనిఖీ విభాగం దాకా వచ్చినదాన్ని కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. 2022 సంక్రాంతికి మా ఆడపడుచు కూతురు, పదకొండేళ్ల పిల్ల, పెట్టెలోని ప్లాస్టిక్ తట్ట పైకెత్తింది. దాని కింద మడత విప్పని కాగితం ఒకటి ఉంది. పిల్ల దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, "అత్తయ్యా, మనం ఆడేది ఈ ఆట కాదు" అంది.

శాఖలన్నీ తిరిగి ఎవరు సర్క్యులర్ చదవకుండా పని చేస్తున్నారో పట్టుకుని రిపోర్టులు రాసినదాన్ని నేను. నా సొంత బ్యాంకు మొదటి రోజు నుంచీ సర్క్యులర్ విప్పి చూడలేదు. ఇది ఎలా జరిగిందో ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. బావగారికి ఆయన స్నేహితుడెవరో నేర్పాడు, బావగారు మాకు నేర్పారు. పెద్దాయన కూర్చోబెట్టి చెబుతుంటే కాగితం ఎవరు వెతుకుతారు? మీ ఇంట్లోనూ ఏదో ఒక ఆట ఇలాగే నడుస్తూ ఉంటుంది. పిల్ల మాటకు సిగ్గుపడి నేను ఒక్కొక్క ఆటనూ తనిఖీకి పెట్టాను. అది చేసిన తీరు ఇక్కడ రాస్తున్నాను.

ముందు పెట్టెలోని సరుకు లెక్కపెట్టండి

తనిఖీకి వెళ్లినవాళ్లు ముందు లెడ్జరు తెరవరు, నగదు లెక్కపెడతారు. ఇక్కడా అంతే. ఆట పెట్టెను చాప మీద బోర్లించి ఏమేమి ఉన్నాయో చూడండి. రెండు విషయాలు గమనించాలి. పెట్టెలో ఉండి కూడా మీరు ఎన్నడూ వాడని వస్తువు ఏదైనా ఉందా? పెట్టెలో లేకపోయినా మీరు బయటి నుంచి తెచ్చి వాడుతున్నది ఏదైనా ఉందా? ఈ రెంటిలో ఏది కనబడినా అక్కడ ఒక తప్పు దాక్కుని ఉండే అవకాశం బాగా ఉంది.

మొదటి రకానికి, అక్షరాల పలకలతో మాటలు కట్టే మా స్క్రాబుల్ ఆట ఉదాహరణ. అందులో అక్షరం లేని పలకలు రెండు వస్తాయి. అవి ఏ అక్షరంగా అయినా వాడుకోదగ్గవి. వాటికి సొంత విలువ సున్నా. మేం మాత్రం అక్షరాలు పోతే పనికొస్తాయని ఇచ్చిన అదనపు పలకలు అనుకున్నాం. ఒకదాని మీద మా అబ్బాయి స్కెచ్ పెన్నుతో "ఇ" అక్షరం కూడా రాసేశాడు. ఆ రెండు ఖాళీలతో కలిపితేనే మొత్తం 100 పలకలు. లెక్కపెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేది.

రెండో రకానికి మోనోపలీ. పెట్టెలో పచ్చటి ఇళ్లు 32, ఎర్రటి హోటళ్లు 12 ఉంటాయి. మా ఆట సాగీ సాగీ ఇళ్లు అయిపోయేవి. అప్పుడు మా అత్తగారి కుట్టుపెట్టెలోంచి చొక్కా గుండీలు తెచ్చి ఇళ్ల బదులు పెట్టేవాళ్లం. నోట్లు కూడా అయిపోయేవి. నోటుబుక్కు కాగితాలు చించి అంకెలు వేసేవాళ్లం. కాగితం చదివాక తెలిసినది ఏమిటంటే, నోట్ల విషయంలో మేం చేసింది సరైనదే. బ్యాంకుకు దివాలా ఉండదు, నోట్లు అయిపోతే మామూలు కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఇళ్లు అయిపోతే మాత్రం ఇంకొకరు తమ ఇల్లు బ్యాంకుకు తిరిగి అమ్మేదాకా ఆగాలి. ఇళ్ల కొరత ఆటలో భాగం. తెలిసినవాళ్లు ఉన్న ఇళ్లన్నీ కొని పెట్టుకుని, హోటల్‌గా మార్చకుండా, ఎదుటివాళ్లకు కట్టుకునే దారి లేకుండా చేస్తారు. మా గుండీలు ఆ ఎత్తును మొత్తంగా మింగేశాయి.

సరుకు తర్వాత లక్షణాలు చూడండి. వైద్యుడు అడిగినట్టు అడగాలి. ఆట ఎంతసేపు పడుతోంది? పెట్టె మీద వేసిన సమయానికి రెండింతలు దాటితే అనుమానించండి. ప్రతిసారీ ఒకే చోట గొడవ వస్తోందా? ఆ చోట నియమం ఎవరికీ సరిగ్గా తెలియదన్నమాట. అందరూ కలిసి బోర్డు మీద గెలవాల్సిన ఆటల్లో లక్షణం తిరగబడుతుంది: వరుసగా గెలుస్తున్నారంటే ఎక్కడో తప్పు చేస్తున్నారు.

మా అబ్బాయి పాండెమిక్ అనే ఆట తెచ్చాడు. మాట్ లీకాక్ చేసిన ఆట, 2008లో వచ్చింది. ప్రపంచమంతా వ్యాపించే నాలుగు రోగాలకు ఆటగాళ్లంతా కలిసి మందు కనిపెట్టాలి. మొదటి నాలుగు ఆటలూ గెలిచాం. మా వాడు మమ్మల్ని చూసి ఉప్పొంగిపోయాడు. నాకు మాత్రం క్యాష్ పైసాతో సహా సరిపోయిన శాఖలో కలిగే అనుమానం కలిగింది. కాగితం తీసి చూస్తే, మహమ్మారి కార్డు వచ్చినప్పుడు అప్పటిదాకా వాడి పక్కన పడేసిన నగరాల కార్డులను కలిపి కట్టకు పైన పెట్టాలని ఉంది. మేం అడుగున పెడుతున్నాం. పైన పెడితే రోగం వచ్చిన నగరాలకే మళ్లీ మళ్లీ వస్తుంది, పక్క ఊళ్లకు పొంగుతుంది. అడుగున పెడితే ప్రతిసారీ కొత్త ఊరికి పలచగా సోకి ఊరుకుంటుంది. సరిచేశాక వరుసగా మూడుసార్లు ఓడిపోయాం. నాలుగోసారి గెలిచినప్పుడు మా ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కాగితం తెరవకముందే వాంగ్మూలం

ఇది నా ఉద్యోగం నేర్పిన కిటుకు. అనుమానం రాగానే కాగితం తెచ్చి అందరి ముందూ చదవకండి. చదివితే ప్రతి వాక్యానికీ "మనం ఆడేది అలాగే కదా" అంటారు. అబద్ధం ఆడుతున్నారని కాదు, వినగానే అలాగే ఆడినట్టు నిజంగానే అనిపిస్తుంది.

అందుకని ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఆట ఎలా ఆడతామో జ్ఞాపకం మీద అందరిచేతా చెప్పించి వరుస సంఖ్యలు వేసి రాయండి. మొదట ఎవరు వేస్తారు, ఎంత డబ్బుతో మొదలు, ఈ గడిలో ఆగితే ఏమవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది. ఇద్దరికి రెండు జ్ఞాపకాలు ఉంటే రెండూ రాయండి. ఆ తర్వాతే కాగితం విప్పి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోండి. మోనోపలీకి మేం ఇరవై మూడు అంశాలు రాశాం. పద్నాలుగు సరిపోయాయి. తొమ్మిది మా సొంత సృష్టి.

కాగితం మీ పెట్టెలోదే అయి ఉండాలి. పోయి ఉంటే ఆట తయారుచేసిన కంపెనీ సైట్లో సాధారణంగా దొరుకుతుంది. పక్కింటివాళ్లను అడగవద్దు, వాళ్లకూ ఎవరో బావగారే నేర్పి ఉంటారు.

చదివేటప్పుడు "వచ్చు", "తీరాలి" అనే రెండు మాటల మీద పెన్సిలు పెట్టండి. సగం తప్పులు అక్కడే పుడతాయి. ఎవరూ కొనని స్థలం మీద ఆగితే కొనవచ్చు అని ఉంటుంది. వచ్చు కనుక, అక్కర్లేకపోతే ఊరుకోవచ్చు అని మేం అక్కడితో ఆపేశాం. తర్వాతి వాక్యం "తీరాలి" వాక్యం. కొనకపోతే బ్యాంకు ఆ స్థలాన్ని అప్పటికప్పుడు వేలం వేసి తీరాలి.

వేలం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మా ఇంట్లో అసలు ఆట అక్కడే మొదలైంది. వేలంపాట ఎంత తక్కువతోనైనా మొదలుపెట్టవచ్చు. కొననని చెప్పినవాడు కూడా పాట పాడవచ్చు. బోర్డు మీద ఓల్డ్ కెంట్ రోడ్డు అనే స్థలానికి రాసిన ధర 60 పౌండ్లు, మేఫెయిర్ అనే స్థలానికి 400. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాడు మేఫెయిర్ మీద ఆగితే, మా పాత పద్ధతిలో పాచికలు పక్కవాడికి ఇచ్చేసి చక్రంలా తిరుగుతూ ఉండేవాడు. ఆ స్థలం ఆట సగం దాకా ఎవరికీ చెందకుండా పడి ఉండేది. వేలం పెట్టాక అదే మేఫెయిర్‌ను మా మరిది 210కి కొట్టేశాడు, మిగతావాళ్లం నోట్లు లెక్కపెట్టుకుంటూ ఉండగానే. రెండు మూడు చుట్లలో స్థలాలన్నీ చేతులు మారిపోయాయి. తాకట్టు పెడితే సగం ధర ఇస్తారని, విడిపించుకోవడానికి పది శాతం వడ్డీ వేస్తారని నాకు మొదటి నుంచీ తెలుసు, అది నా శాఖ కదా. వేలం నా శాఖే అని తెలియకపోవడమే విడ్డూరం.

రెండో పెద్ద తప్పు ఫ్రీ పార్కింగ్. పన్నులు, జరిమానాలు బ్యాంకుకు చేరాలి. మేం వాటిని బోర్డు నడుమ కుప్పపోసి, ఫ్రీ పార్కింగ్ గడిలో ఆగినవాడికి దోచిపెట్టేవాళ్లం. కాగితం ప్రకారం ఆ గడిలో ఏమీ జరగదు. ఊరికే నిలబడటమే. ఇందులో తప్పేముంది, పిల్లలకు సరదా కదా అంటారు. ఉంది. బ్యాంకు నుంచి బయటికి వచ్చిన డబ్బు బ్యాంకుకు తిరిగి చేరకపోతే చలామణిలో డబ్బు పెరుగుతూనే పోతుంది. అద్దెలు మాత్రం పత్రాల మీద అచ్చయినవే. ఎవరూ చితికిపోరు, ఆట ముగియదు. దానికి తోడు బయలుదేరిన గడిలో సరిగ్గా ఆగితే 200 బదులు 400 ఇచ్చేవాళ్లం, అదీ ఎక్కడా లేదు. జైల్లో ఉన్నవాడికి అద్దె ఇచ్చేవాళ్లం కాదు, ఇవ్వాలి. మొదటివి రెండూ ఆటను సాగదీసినవి, మూడోది ఇద్దరు ముగ్గురి కడుపు కొట్టింది.

ఈ ఆటకు మూలం ల్యాండ్‌లార్డ్స్ గేమ్. అమెరికాలో లిజీ మాగీ అనే ఆమె 1904లో దానికి పేటెంటు తీసుకుంది. భూమి కొద్దిమంది చేతుల్లో పడితే మిగతావాళ్లు అద్దెలు కట్టి ఎలా ఆరిపోతారో చూపించాలన్నది ఆమె ఉద్దేశం. మేం ఆ అద్దెల మంట తగలకుండా నడుమ అన్నసత్రం తెరిచాం. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి, రాత్రి భోజనాలకు లేచి, మళ్లీ కూర్చుని, ఎవరూ గెలవకుండానే నిద్రపోయిన సంక్రాంతులకు కారణం అదే. సరిచేశాక ఆడిన మొదటి ఆట గంటా నలభై నిమిషాల్లో అయిపోయింది. అందరికంటే ముందు దివాలా తీసింది బ్యాంకు నడిపిన నేనే.

తప్పా, వేరే ఆటా?

కాగితం చేతికొచ్చినవాళ్లకు ఒక పొగరు వస్తుంది. నాకూ వచ్చింది. దాన్ని కాస్త అదుపులో పెట్టాలి. మీ ఇంటి పద్ధతి తప్పని తేల్చే ముందు, అది ఇంకొక పాత ఆట నియమమేమో చూడండి.

మా మామగారు ఉన్నన్నాళ్లూ మా అబ్బాయితో చదరంగం ఆడేవారు. ఆయన బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. చివరి వరుసకు చేరిన బంటు ఏ వరుసలో చేరితే ఆ వరుస బలమే అవుతుంది, ఏనుగు వరుసలో అయితే ఏనుగు. "తాతయ్యా, ఇది తప్పు" అని మా వాడు ప్రతిసారీ అనేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవారు. అవి తప్పులు కావు. మన దేశంలో తరతరాలుగా ఆడిన చదరంగం నియమాలు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ నియమాలతోనే పెరిగాడు. పాశ్చాత్య నియమాలు తర్వాత నేర్చుకుని 1929లో ఇంగ్లండు వెళ్లి, ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932, 1933లో మళ్లీ గెలిచాడు. ఈ సంగతి నేను తెలుసుకునేసరికి మామగారు లేరు.

అదే చదరంగంలో మా అబ్బాయివి నిజమైన తప్పులు. రాజుకు ఒకసారి చెక్ పడితే ఇక ఆ ఆటలో క్యాస్లింగ్, అంటే రాజు, ఏనుగు ఒకే ఎత్తులో చోటు మారడం, కుదరదని వాడు నమ్మేవాడు. ఒక పోటీలో ఆ నమ్మకంతోనే రాజును నడుమ వదిలేసి ఓడిపోయి వచ్చాడు. అసలు నియమం: రాజు గానీ ఆ ఏనుగు గానీ అంతకు ముందు కదిలి ఉండకూడదు, నడుమ గడులు ఖాళీగా ఉండాలి, ఆ క్షణాన రాజుకు చెక్ ఉండకూడదు, రాజు దాటే గడి, చేరే గడి ఎదుటివాడి దాడిలో ఉండకూడదు. పాత చెక్కుతో పని లేదు. బంటు చివరికి చేరితే చచ్చిన బలాల్లోంచే ఒకటి తెచ్చుకోవాలన్నది ఇంకో అపోహ. మంత్రి బతికి ఉండగానే రెండో మంత్రిని తెచ్చుకోవచ్చు. ఇంట్లో రెండో మంత్రి బదులు ఏనుగును తలకిందులుగా పెడతారు. పోటీలో అలా పెట్టి ఆడితే దాన్ని ఏనుగుగానే లెక్కిస్తారు, జాగ్రత్త.

ఇక అష్టా చెమ్మాకు కాగితమే లేదు. ఐదు వరుసల గడులు, నాలుగు గవ్వలు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఇంతవరకూ మా రెండిళ్లలోనూ ఒకటే. ఒక కాయనైనా చంపకుండా లోపలి చుట్టులోకి వెళ్లవచ్చా? మా అత్తగారి పుట్టింట్లో వెళ్లకూడదు. మా అమ్మావాళ్లింట్లో వెళ్లవచ్చు. వరుసగా మూడు పందేలు పడితే ఉంటాయా, మురిగిపోతాయా? దీని మీద మా ఇంట్లో పెళ్లయిన కొత్తలో రెండు రోజులు మాటలు లేవు. ఇలాంటి ఆటకు ఒకే మార్గం: మొదటి గవ్వ వేయకముందే ఈ రెండు ప్రశ్నలూ అడిగి తేల్చుకోవడం, ఎవరి ఇంట్లో ఆడుతుంటే వాళ్ల పద్ధతికి మొగ్గడం.

ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి

ఆట నడుమ చెప్పకూడదు. నిజం మీ వైపున ఉన్నా సరే. ముఖ్యంగా ఓడిపోతున్నవాళ్లు చెప్పకూడదు. సరైన నియమం కూడా వాళ్ల నోట్లో కుంటిసాకు అయిపోతుంది. ఆ ఆట పాత పద్ధతిలోనే ముగించండి, నోటుబుక్కులో ఒక గీత రాసుకోండి, మర్నాడు కాఫీల వేళ తీయండి.

నేర్పిన పెద్దవాళ్లకు ముందుగా, విడిగా చెప్పండి. నేను బావగారి దగ్గరికి కాగితం పట్టుకెళ్లి, "మీ స్నేహితుడు మీకు సగమే చెప్పినట్టున్నాడు బావగారూ" అన్నాను. తప్పు ఆ స్నేహితుడి ఖాతాలో పడింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివి, సాయంత్రానికి వేలం గురించి ఆయనే మా అందరికీ ఉపన్యాసం ఇచ్చారు, తానే కనిపెట్టినట్టు. ఇవ్వనివ్వండి.

ఒకేసారి తొమ్మిదీ మార్చకండి. ఒక ఆటకు రెండు మార్పులు చాలు. పాత గెలుపులను తిరగదోడకండి. ఈ చివరిదానికి మా ఇంట్లో పెద్ద పరీక్షే ఎదురైంది. క్యారమ్స్‌లో మా మరిది బొటనవేలితో కొడతాడు. అది ఫౌలని ఏళ్ల తరబడి వాడి కాయిన్లు బయటికి తీయించాం. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య నియమాల్లో బొటనవేలికి నిషేధం లేదు. ఆ సంగతి తెలిసిన రోజు వాడు ఇరవై ఏళ్ల బాకీ వడ్డీతో సహా కట్టమని నా ముందు కూర్చున్నాడు. లెక్కలు దొరకనందున రద్దు చేశామని చెప్పాను. ఆ బదులుగా, స్ట్రైకరు రెండు గీతలనూ తాకుతూ పెట్టాలన్న అసలు నియమం వాడి మీదే మొదట అమలు చేశాం. వాడు ఎప్పుడూ పై గీత మీద మాత్రమే పెట్టి గెలిచేవాడు.

నచ్చిన తప్పులను ఉంచుకోవచ్చు, తెలిసి ఉంచుకోవాలి అంతే. క్యారమ్స్‌లో నలుపుకు 10, తెలుపుకు 20, ఎరుపుకు 50 అనే ఇంటి లెక్క పోటీల్లో లేదు. అక్కడ ఒకరికి నలుపు, ఒకరికి తెలుపు, రాణికి, అంటే ఆ ఎరుపు కాయిన్‌కు, 3 పాయింట్లు. కానీ నలుగురైదుగురు పిల్లలు ఒకేసారి కూర్చుంటే మా పాత లెక్కే హాయి. అది ఉంచాం. మోనోపలీలో ఫ్రీ పార్కింగ్ సత్రాన్ని సంక్రాంతి రోజున మాత్రం, పిల్లల కోసం, గంటసేపటికి తెరుస్తాం. అష్టా చెమ్మాలో తెనాలిలో అత్తగారి మాట.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తేదీ వేసి, అందరిచేతా సంతకాలు పెట్టించాను. బావగారు సంతకం పెట్టే ముందు కింద ఒక వాక్యం చేర్చారు: కాగితం చదివే పని పిల్లది, బ్యాంకు మాత్రం మరదలిదే. ఆ కాగితం ఇప్పుడు తట్ట కింద లేదు, పెట్టె మూత లోపలివైపు అతికించి ఉంది. చొక్కా గుండీలు కుట్టుపెట్టెలోకి తిరిగి వెళ్లాయి.